బ్రేక్ ప్యాడ్ మీద ఆ రెండు అక్షరాలు చూసి కొనండి

ఆక్టేవియా ఆర్ఎస్, పోలో జీటీ లాంటి బండికి బయటి కంపెనీ ప్యాడ్లు కొనేటప్పుడు పెట్టె మీది 'రేసింగ్' అనే మాటకు పడిపోకండి. అసలైన ట్రాక్ ప్యాడ్ బాగా వేడెక్కితే గానీ పట్టు ఇవ్వదు. పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి మొదటి సిగ్నల్ దగ్గర తొక్కితే గుండె జారుతుంది. పైగా కీచుమని అరుపు, డిస్క్ అరుగుదల.

చాలా ప్యాడ్ల అంచు మీద ఎఫ్ఎఫ్, జీజీ లాంటి రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.35 నుంచి 0.45 మధ్య, జీ అంటే 0.45 నుంచి 0.55 మధ్య. మొదటి అక్షరం ఎఫ్ ఉండి, రెండోది దానికన్నా తక్కువ పట్టును సూచించే 'ఈ' (E) ఉంటే, వేడికి పట్టు తగ్గుతుందని అర్థం. శ్రీశైలం ఘాట్ దిగేవాళ్లు అలాంటిది వద్దనుకోవడమే మేలు. ఊళ్లో, హైవే మీద తిరిగే బండికి నా ఓటు ఎఫ్ఎఫ్‌కే.

బిగించిన రోజే గట్టిగా తొక్కి పరీక్షించకండి. ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20 దాకా ఓ పదిసార్లు, బండి పూర్తిగా ఆపకుండా, మెల్లగా వేగం తగ్గించండి. తర్వాత బ్రేకు ముట్టకుండా కాసేపు నడిపి చల్లారనివ్వండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటిందా? అదీ అప్పుడే మార్పించేయండి.