గామా రే బర్స్ట్ ఆఫ్టర్‌గ్లో: స్విఫ్ట్ డేటాలో పట్టుకోవడం ఎలా

కొండవీడు మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా ఆకాశంలోంచి వచ్చే ఎక్స్‌రే అందదు, గాలే దాన్ని మింగేస్తుంది. గామా రే బర్స్ట్ అంటే సుదూర గెలాక్సీలో కొద్దిసేపు గామా కిరణాలు వెదజల్లే పేలుడు, ఆఫ్టర్‌గ్లో అంటే దాని తర్వాత మెల్లగా మసకబారే వెలుగు. 1997 ఫిబ్రవరి 28 నాటి బర్స్ట్‌కు మొట్టమొదటి ఎక్స్‌రే ఆఫ్టర్‌గ్లోను చూసిందీ ఉపగ్రహమే, బెప్పోసాక్స్. అయినా గుంటూరులోనో బెజవాడలోనో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఈ పని చేయొచ్చు. 2004లో ఎగిరిన నాసా ఉపగ్రహం స్విఫ్ట్ డేటా అందరికీ ఉచితం.

కావలసినవి లినక్స్ (విండోస్ అయితే దానిలోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్), నాసా ఉచిత సాఫ్ట్‌వేర్ హీసాఫ్ట్, స్విఫ్ట్ మీది ఎక్స్‌రే టెలిస్కోపు ఎక్స్ఆర్‌టీ కాలిబ్రేషన్ ఫైళ్లు. బర్స్ట్ డేటా వెతికేటప్పుడు తేదీ జాగ్రత్త. మనకు తెల్లవారుజామున 2 గంటలైతే యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇంకా ముందురోజు రాత్రి 8.30. బర్స్ట్ పేరులో ఉండేది యూటీ తేదీ.

హీసాఫ్ట్‌లోని ఎక్స్ఆర్‌టీపైప్‌లైన్ ప్రోగ్రాము నడిపితే 0.3–10 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శుభ్రమైన ఈవెంట్ ఫైళ్లు (పడిన ఒక్కో ఫోటాన్ జాబితా) వస్తాయి. మొదట్లో బాగా వెలుగుతున్నప్పుడు టెలిస్కోపు వేగంగా చదివే విండోడ్ టైమింగ్ మోడ్‌లో, మసకబారాక పూర్తి చిత్రం ఇచ్చే ఫోటాన్ కౌంటింగ్ మోడ్‌లో ఉంటుంది. మూలం చుట్టూ 20 పిక్సెళ్ల (సుమారు 47 ఆర్క్ సెకన్లు) వ్యాసార్థంతో వృత్తం గీయండి. మసక దశలో దాన్ని తగ్గించండి, లేకపోతే బ్యాక్‌గ్రౌండే ఎక్కువ చేరుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌కు వేరే మూలాలేవీ లేని చోటు చూసుకోండి.

ఎక్కువమంది బోల్తాపడేది పైల్-అప్ దగ్గర. ఫోటాన్ కౌంటింగ్‌లో ఒక ఫ్రేము (కెమెరా ఒకసారి చదివే వ్యవధి) 2.5 సెకన్లు. ఆలోపు పక్కపక్క పిక్సెళ్లలో రెండు ఫోటాన్లు పడితే వాటిని కలిపి ఎక్కువ శక్తి ఉన్న ఒక్కటిగా లెక్కేస్తుంది, లేదా అసలు పారేస్తుంది. కౌంట్లు తగ్గుతాయి, స్పెక్ట్రమ్ తప్పుగా గట్టిపడుతుంది, అంటే ఎక్కువ శక్తి వైపు జరుగుతుంది. తొలి గంటలో ఇలా జరిగితే లైట్ కర్వ్ (కాలంతో వెలుగు మారే గీత) మొదలు చదునుగా మారి, లేని ప్లాటో (వెలుగు తగ్గని దశ) ఉన్నట్టు కనిపిస్తుంది. సెకనుకు 0.5 కౌంట్లు దాటితే అనుమానించాల్సిందే. మధ్యలోని పిక్సెళ్లు తీసేసి, కంకణంలాంటి ప్రాంతాన్నే వాడండి. టెలిస్కోపు సున్నితత్వం చెప్పే ఏఆర్ఎఫ్ ఫైలును తయారుచేసే ఎక్స్ఆర్‌టీఎంకేఏఆర్ఎఫ్‌లో పీఎస్ఎఫ్ (చుక్క వెలుగు చిత్రంలో పరుచుకునే తీరు) సవరణ ఆన్‌లో ఉండాలి, లేదంటే తీసేసిన కౌంట్ల మేరకు ఫ్లక్స్ తగ్గిపోతుంది.

ఇక అది నిజంగా ఆఫ్టర్‌గ్లోనేనా? స్థానం కలిసినంత మాత్రాన నమ్మకూడదు, వెలుగు తగ్గి తీరాలి. బ్యాట్ (బర్స్ట్‌ను మొదట పసిగట్టే స్విఫ్ట్ పరికరం) ట్రిగ్గర్ సమయాన్ని సున్నాగా పెట్టుకుని, బిన్‌కు (ఒక్కో కాల విభాగానికి) 20 కౌంట్లు వచ్చేలా లాగ్–లాగ్ గ్రాఫ్ గీయండి. వాలు 1.2 అయితే, 1,000 సెకన్ల నాటి వెలుగు 10,000 సెకన్లకు సుమారు 16వ వంతుకు పడిపోతుంది. నిలకడగా ఉంటే అది వేరే మూలం. మధ్యలో ఒక్కసారిగా లేచే ఫ్లేర్లు సహజం, వాటిని ఫిట్‌లోంచి తప్పించండి. ఉపగ్రహం కక్ష్య సుమారు గంటన్నర, అందులో కొంతసేపు మూలం కనబడదు, ఆ ఖాళీల్లో ఏం జరిగిందో ఊహించి గీత కలపొద్దు.

స్పెక్ట్రమ్‌కు మోడల్ సరిపెట్టే ఎక్స్‌స్పెక్ ప్రోగ్రాములో పవర్ లా (శక్తి పెరిగేకొద్దీ ఫోటాన్లు ఘాత నియమంలో తగ్గే మోడల్), దానికి తోడు మన పాలపుంత శోషణ స్థిరంగా, బర్స్ట్ ఉన్న గెలాక్సీ శోషణ విడిగా పెట్టండి. ఆ ఘాతం, అంటే ఫోటాన్ ఇండెక్స్, మామూలుగా 2 దగ్గర వస్తుంది. కౌంట్లు తక్కువైతే ఫిట్ ఎంత బాగుందో కొలవడానికి కై-స్క్వేర్ కాదు, తక్కువ కౌంట్లకు సరిపడే సీ-స్టాట్ వాడాలి. మూలం సీసీడీలోని (కెమెరా చిప్‌లోని) చచ్చిన వరుస మీద పడితే లైట్ కర్వ్‌లో గుంట కనిపిస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ మ్యాప్ (ఏ పిక్సెల్ ఎంతసేపు చూసిందో చెప్పే పటం) ఇచ్చి ఏఆర్ఎఫ్ మళ్లీ తయారు చేసుకోండి.