ఆల్పైన్ ఆస్టర్ పాడైపోతోందా? ముందు మొక్క మొదలు చూడండి

యూరప్‌లోని ఆల్ప్స్, పిరెనీస్ కొండవాలుల్లో రాళ్ల మధ్య పెరిగే చామంతి జాతి మొక్క ఇది. ఎత్తు జానెడే. ఊదారంగు రేకులు, నడుమ పసుపు బొట్టు. డెన్వర్‌లోనో మ్యూనిక్‌లోనో ఉంటున్న మనవాళ్లు నర్సరీలో చూసి ముచ్చటపడి తెచ్చుకుంటారు. చిక్కంతా ఆ తర్వాతే.

చలికాలం పోయేసరికి మొక్క నడిమధ్య నల్లబడి మెత్తగా అయిపోయింది

అందరూ చలి మీద వేసేస్తారు గానీ, మైనస్ 30 డిగ్రీలనైనా తట్టుకునే మొక్క ఇది. చంపింది నీరు. కొండ మీద చలికాలమంతా పొడి మంచు కప్పి ఉంటుంది, కరిగిన నీరు వాలున జారిపోతుంది. మన పెరట్లో బంకమట్టి, పైగా వాన. నీరు మొక్క మొదలు దగ్గరే నిలిచి, మొక్క కుళ్లిపోతుంది.

మొక్కను తవ్వి తీయండి. కుళ్లిన భాగం కోసేసి, వేళ్లున్న గట్టి పక్కపిలకలను వేరు చేయండి. మట్టిలో దాదాపు సగం ముతక ఇసుక, చిన్న కంకర కలిపి, కాస్త ఎత్తుగా, వాలుగా ఉన్నచోట నాటండి. మొదలు చుట్టూ రెండు సెంటీమీటర్ల మందాన కంకర పరవండి. చెక్కపొట్టు మాత్రం వద్దు, అది తడిని పట్టి ఉంచుతుంది. లాన్ స్ప్రింక్లర్ నీళ్లు పడేచోట అసలు పెట్టకండి.

ఆకులు ఏపుగా ఉన్నాయి, కాడలు వాలిపోతున్నాయి, పూలు లేవు

ప్రేమ ఎక్కువైంది! ఎరువు ఆపేయండి. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి.

ఆకుల మీద తెల్లటి పొడి

బూడిద తెగులు. మొక్కల మధ్య గాలి ఆడనివ్వండి, నీళ్లు ఆకుల మీద కాకుండా మట్టిలో పోయండి, పట్టిన ఆకులు తుంచేయండి.

మూడో ఏడు మధ్యలో బోడి అయింది

వయసు అంతే. బహువార్షికమే అయినా ఎక్కువకాలం బతకదు. రెండు మూడేళ్లకోసారి వసంతం మొదట్లో విడదీసి నాటితే కొత్త మొక్కలు చేతిలో ఉంటాయి.

జూన్ తర్వాత పూయడం లేదు

జబ్బేమీ కాదు. వేసవి మొదట్లో ఒక్క విడతే పూస్తుంది. వాడిన కాడలు కత్తిరించండి చాలు.

హైదరాబాద్‌లో వేశాను, ఎండకు మాడిపోయింది

దీనికి మందు లేదు. వేడి, ఉక్కపోత, వెచ్చని రాత్రులు దీనికి సరిపడవు. ఆస్టరే కావాలంటే చైనా ఆస్టర్ వేసుకోండి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ల కామిని, పూర్ణిమ రకాలు మన దగ్గర బాగా పూస్తాయి. కాకపోతే అది ఏకవార్షికం, ప్రతిసారీ విత్తనం నుంచి పెంచుకోవాలి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ప్యాకెట్ మీద ‘ఆస్టర్’ అని మాత్రమే ఉంటే, ఏ ఆస్టరో అడిగి తెలుసుకున్నాకే డబ్బులు కట్టండి.