సైబర్ దాడితో మూడు రోజులు కరెంటు పోతే? ఇంట్లో ముందే సర్దుకోవాల్సినవి

గాలివానకైతే మబ్బు పడుతుంది, ఫోన్లు చార్జింగ్ పెట్టుకునే టైమన్నా ఉంటుంది. సైబర్ దాడికి ఆ మబ్బు కూడా ఉండదు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో కరెంటు కంపెనీ కంట్రోల్ రూములో ఆపరేటర్లు చూస్తుండగానే కంప్యూటర్ మీద మౌస్ బాణం దానంతటదే కదిలి బ్రేకర్లు, అంటే లైన్లను కలిపి విడదీసే పెద్ద స్విచ్చులు, ఆపేసింది. దాదాపు 2,25,000 కనెక్షన్లు చీకట్లో పడ్డాయి. కాల్‌సెంటర్‌ను కూడా దొంగ కాల్స్‌తో ముంచేశారు. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేశాక, 1 నుంచి 6 గంటల్లో కరెంటు వచ్చింది. 2021 మార్చిలో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ హెచ్చరికతో మన తెలంగాణ కరెంటు సంస్థ ట్రాన్స్‌కో కూడా అప్రమత్తమైంది. అక్కడ గంటల్లోనే వచ్చినా, మనం మూడు రోజుల లెక్క వేసుకుందాం.

1. ముందు నీళ్లు

ఫ్యాను ఆగితే ఉక్కపోతే, మోటారు ఆగితే ఇల్లే నడవదు. మిషన్ భగీరథ నీళ్లు ఎక్కేదీ పంపులతోనే. తాగడానికి మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకు 36 లీటర్లు, అంటే రెండు 20 లీటర్ల క్యాన్లు. వాడుకకు వేరే డ్రమ్ము పెట్టుకోండి.

తర్వాత ఒక ఆదివారం మెయిన్ దించేసి సాయంత్రం దాకా ఉండి చూడండి. హనుమకొండలో మేమున్న అపార్ట్‌మెంట్‌లో అట్లా చూసినప్పుడు బొక్కెన, తాడు రెండూ దొరికాయి. సంపు మూత మీద మాత్రం రెండో అంతస్తు వాళ్ల స్కూటీ ఉంది, హ్యాండిల్ లాక్ వేసి. తాళం చెవి జేబులో వేసుకుని ఆయన పరకాలలో పెళ్లికి పోయాడు. మీ వాడలో చేతి బోరింగు ఉంటే పోయి నాలుగు దెబ్బలు కొట్టి చూడండి, తుప్పు నీళ్లొస్తే బాత్రూముకు పనికొస్తాయి.

2. ఇన్సులిన్, మందులు

ఫ్రిజ్ తలుపు తీయకపోతే సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. వాడుతున్న ఇన్సులిన్ మామూలుగా నాలుగు వారాలు బయట ఉండగలదు కానీ వేడి 30 డిగ్రీలు దాటొద్దు. మే నెల వరంగల్‌లో అది కుదిరే పనేనా? పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ కూర్చోబెట్టి, సీసాను మూతగల డబ్బాలో పెట్టి అందులో ఉంచండి. నీడలో, గాలి తగిలేచోట పెట్టి పైన తడి గుడ్డ కప్పండి. ఐస్‌కు ఆనించొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. బీపీ, షుగర్ గోళీలు వారం రోజులవి ఎక్కువ ఉంచుకోండి. ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నవాళ్లుంటే సిలిండర్ సంగతి ఇప్పుడే డాక్టరును అడగాలి.

3. ఇన్వర్టర్

150 ఏహెచ్ బ్యాటరీ మీద ఒక మామూలు ఫ్యాను, రెండు ఎల్‌ఈడీ బల్బులు దాదాపు 12 గంటలు నడుస్తాయి. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను అయితే దానికి దాదాపు రెట్టింపు. టీవీ జోలికి పోవద్దు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసి ఎన్నాళ్లయింది?

జనరేటర్ తెచ్చుకుంటే ఆరుబయటే పెట్టాలి, పొగలోని విషవాయువు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. ఇంటి వైరింగుకు నేరుగా కలిపితే కరెంటు ఎదురెక్కి స్తంభం మీదున్న లైన్‌మన్‌కు తగులుతుంది.

4. పైసలు, కబురు

సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలే. ఆ తర్వాత యూపీఐ కూడా బందే. 10, 20, 50 నోట్లు డబ్బాలో వేసి పెట్టుకోండి, కిరాణా షాపాయన 500కు చిల్లర ఎక్కడ తెస్తాడు? ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. బ్యాటరీ రేడియో లేకపోతే ఎఫ్‌ఎం ఉన్న డబ్బా ఫోను చాలు, వైరున్న ఇయర్‌ఫోనే దానికి యాంటెన్నా.

కరెంటు ఫిర్యాదుల నంబరు 1912 దొరక్కపోతే? మీ వాడకు కరెంటు పంపే 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఎక్కడుందో ఇప్పుడే నడిచిపోయి చూసి రండి. "బిల్లు కట్టలేదు, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మెసేజ్ వస్తే నమ్మొద్దు, గందరగోళంలోనే అలాంటి దొంగలకు గిరాకీ.

5. కరెంటు వచ్చాక

పోయినప్పుడే ఫ్రిజ్, మోటారు, ఏసీ స్విచ్చులు ఆపి, హాల్లో ఒక్క బల్బు వేసి ఉంచండి. బల్బు వెలిగాక పావుగంట ఆగండి. వెలుగు ఎక్కువ తక్కువ కాకుండా నిలబడితే ముందు మోటారు వేయండి, ఫ్రిజ్ తర్వాత.