కొత్త వాడకట్టులో ఎరగనివారిని తెలుసుకోవడం ఎలా?

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్త వాడకట్టులో ఇల్లు కిరాయికి తీసుకుని దిగిన మొదటి వారం, పక్కింటివారు ఎటువంటివారో మనకు తెలియదు, మనం ఎటువంటివారమో వారికి తెలియదు. పలకరిస్తే ఏమనుకుంటారో, పలకరించకపోతే ఏమనుకుంటారో అన్న సందేహం ఇరువైపులా ఉంటుంది. చార్లెస్ బర్గర్, రిచర్డ్ కాలబ్రీజ్ అనే అమెరికా పరిశోధకులు 1975లో ఈ సందేహం మీదనే ఒక సిద్ధాంతాన్ని నిర్మించారు. ఎదుటివారు ఏం చేస్తారో ఊహించగలిగే కొద్దీ, చేసినది ఎందుకు చేశారో అర్థమయ్యే కొద్దీ పరిచయం కుదురుకుంటుందని వారు చెప్పారు. బస్సులో గంటసేపు పక్కన కూర్చున్న మనిషి కంటే గోడ పక్కవారి గురించి మనకు ఎక్కువ ఆరాటం ఉండడానికి కారణం, వారు రోజూ ఎదురుపడతారని తెలియడమే.

సందేహం తీర్చుకునేందుకు బర్గర్ ఆ తర్వాత మూడు దారులు చూపాడు: గమనించడం, ఇతరులను అడగడం, నేరుగా మాట్లాడడం.

గమనించదలిస్తే, మనిషి నలుగురి మధ్య మామూలుగా మసలుకునే చోట గమనించండి. ఆఫీసు కౌంటరు దగ్గర ఎవరైనా ఉద్యోగానికి తగ్గట్టు మాట్లాడతారు. అదే మనిషి మంచినీళ్ల ప్లాంటు దగ్గర క్యానుతో వరుసలో నిలబడి, వెనుక వచ్చిన ముసలావిడను ముందుకు పంపాడా, విసుక్కున్నాడా అన్నది మనకు పనికివచ్చే సమాచారం.

ఇతరులను అడిగే విద్యలో పాలమూరు పల్లెలకు పాత అనుభవం ఉంది. పనికోసం దూరప్రాంతాలకు వలసవెళ్లే కుటుంబానికి, అడ్వాన్సు చేతిలో పెడుతున్న కొత్త మేస్త్రీ ఎలాంటివాడన్నది నెలల తరబడి బతుకును నిర్ణయించే ప్రశ్న. “మంచోడేనా?” అని అడిగితే “మంచోడే” అన్న జవాబుతో మాట ముగుస్తుంది. “పోయినేడు హిసాబు ఎప్పుడు చేసిండు? జ్వరమొస్తే దవాఖానకు ఎవరు తీస్కపోయిండ్రు?” అని అడిగితే జరిగిన సంగతి బయటికి వస్తుంది. చెప్పేవారికి ఆ మేస్త్రీ వల్ల లాభం ఉందేమో చూసుకోవాలి. ఒకరినొకరు ఎరగని ఇద్దరిని విడివిడిగా అడగగలిగితే మరీ మేలు. ఎవరి గురించి అడిగినా ఆ మాట వారి చెవిన పడకుండా ఉండదు గనుక, ముఖం మీద అడగలేని ప్రశ్నను వెనుక అడగవద్దు.

ఇంటిపేరు అడిగి కులం ఆరా తీయడం మన దగ్గర చాలామందికి తొలిప్రశ్నగా అలవాటైంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ జవాబు వల్ల మనిషి నడవడి తెలియదు, అడిగించుకున్నవారి మనసు మాత్రం అక్కడే విరిగిపోతుంది.

నేరుగా మాట్లాడడానికి నీళ్లను మించిన విషయం నాకు కనిపించలేదు. ఫ్లోరైడ్‌తో తరాలుగా బాధపడిన నల్లగొండ జిల్లాలో నీళ్ల గురించి చెప్పడానికి మాట లేనివారు ఉండరు. “నల్లా ఏ పూట వస్తదక్కా?” అని వయసుకు తగిన వరుస కలిపి అడిగి, జవాబు విన్న వెంటనే మీది ఏ ఊరో, ఏం పని మీద వచ్చారో మీరే చెప్పండి. కొత్తలో ఇచ్చిపుచ్చుకునే సమాచారం సమానంగా ఉండాలని ఆ సిద్ధాంతం చెబుతుంది. ఒకరే ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే అది పోలీసు విచారణ అవుతుంది. చనువు పెరిగాక ఈ లెక్క దానంతట అదే సడలుతుంది.

మేము నల్లగొండలో దిగిన మూడో రోజు పక్కింటి పెద్దమ్మ స్టీలు గిన్నెలో మక్క గారెలు పంపింది. గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు గనుక, ఊరి నుంచి తెచ్చుకున్న పల్లికాయ నింపి నేనే తీసుకువెళ్లాను. ఆమె ఒక కాయ వలిచి నోట వేసుకుని, “ఏ ఊరు బిడ్డా మీది?” అన్నది. కల్వకుర్తి అని చెప్పగానే, తన కూతురిని అటువైపే ఇచ్చామంటూ పీట వాల్చింది. మన ఇద్దరికీ కలిసే విషయం ఒక్కటి దొరికినా సందేహం సగం తగ్గుతుందని నాకు ఆ పీట మీద కూర్చున్నప్పుడు అర్థమైంది.

తెలుసుకున్న ప్రతి మనిషీ దగ్గర కావాలని లేదు. ఈ మనిషితో ముందుముందు మేలు ఉంటుందా లేదా అని లెక్క వేసుకున్నాకే మనం దగ్గరవుతామో దూరం జరుగుతామో తేల్చుకుంటామని మైకేల్ సన్నఫ్రాంక్ అనే మరో పరిశోధకుడు 1986లో వాదించాడు. తెలిసిన సంగతి మనసుకు నచ్చకపోతే పలకరింపు మానకండి, కానీ చేబదులు, ఇంటి తాళంచెవి వంటివాటి జోలికి పోకండి.