చలి గరాజ్‌లో చెక్కపనికి ఎలాంటి హీటర్ కొనాలి

అమెరికా ఉత్తరాన ఉన్న మిన్నెసోటాలో జనవరి వస్తే మా గరాజ్‌లో చెక్కకు రాసిన జిగురు కూడా సరిగా పట్టదు. అయినా చెక్కపని మానలేక మొదటి ఏడాది ప్రొపేన్ సిలిండర్ హీటర్ కొన్నాను. అది పెద్ద తప్పు. తలుపులు మూసిన చోట మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి రంగూ వాసనా ఉండవు. పైగా ప్రొపేన్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఆ చెమ్మ చల్లటి ఇనుము మీద దిగి నా ఉలులు, చిత్రిక బ్లేడు తుప్పు పట్టాయి. పొగను బయటికి పంపే గొట్టం లేని హీటర్ గరాజ్‌కి వద్దే వద్దు.

కరెంటుదే మేలు. అయితే లెక్క చూసుకోండి. 1,500 వాట్ల ప్లగ్ హీటర్ 120 వోల్టుల మీద 12.5 ఆంపియర్లు లాగుతుంది. అదే లైను మీద కరెంటు రంపం వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఎక్స్‌టెన్షన్ తీగ అసలు వాడకండి, వేడెక్కి అంటుకోవచ్చు. మాది రెండు కార్ల గరాజ్, ఆ వేడి చాలలేదు. చివరికి 240 వోల్టుల, 5,000 వాట్ల హీటర్‌ని సీలింగ్‌కి బిగించి, ఎలక్ట్రీషియన్‌తో విడిగా 30 ఆంపియర్ల లైను వేయించాను. పెట్రోల్ ఆవిరి నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి హీటర్ పైన ఉండటమే క్షేమం.

భద్రతా పరీక్ష నెగ్గిందని చెప్పే యూఎల్ లేదా ఈటీఎల్ ముద్ర, గరాజ్‌లో వాడొచ్చన్న మాట మాన్యువల్‌లో ఉన్నాయో లేదో చూశాకే కొనండి. ఎర్రటి కాయిల్ బయటికి కనిపించే రకం రంపపు పొట్టు దగ్గర ప్రమాదం. నేను నెలకోసారి కరెంటు ఆపి, చల్లారాక దుమ్ము దులుపుతాను. వార్నిష్ ఆవిరి అంటుకోవచ్చు కాబట్టి అది వేసే రోజు హీటర్ జోలికే వెళ్లను.