పిల్లల కోసం అనుకుంటున్నారా? మూడు నెలల ముందే మొదలుపెట్టండి

మన దగ్గర నెల తప్పాకే డాక్టర్ గుర్తొస్తారు. ఆ అలవాటు మారాలి. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది, అంటే నెల తప్పి రెండు వారాలయ్యేసరికి, చాలామంది టెస్ట్ కిట్ కూడా కొనకముందే, ఆ పని అయిపోయి ఉంటుంది. అందులో లోపం రాకుండా చాలావరకు కాపాడేది ఫోలిక్ యాసిడ్. రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి వేసుకోవాలి. మెడికల్ షాపులో ఊరికే అడిగితే 5 మిల్లీగ్రాముల మాత్ర చేతిలో పెట్టొచ్చు, అట్ట మీద చూసుకోండి. అంత డోసు ఇంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టినవాళ్లకి, ఫిట్స్ మందులు వాడేవాళ్లకి డాక్టర్లు రాసేది.

ఇక మగవాళ్ల సంగతి. శుక్రకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి సిగరెట్, గుట్కా, మందు ఇప్పుడు మానేస్తే ఫలితం అప్పటికి కనిపిస్తుంది. జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటే శుక్రకణాలు బాగా పడిపోతాయి, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతాయి కూడా. దయచేసి టెస్టులకి కోడలిని ఒక్కదాన్నే పంపకండి.

మిరప, పత్తి వేసే ఇళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు పురుగుల మందు కొట్టే రోజుల్లో మగవాళ్లు పొలం నుంచి వచ్చి చొక్కా, లుంగీ విప్పి బకెట్లో పడేస్తే, ఆడవాళ్లు వాటిని ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఒట్టి చేతులతో ఉతికేస్తారు. ఆ బట్టలు విడిగా నానబెట్టి, కొట్టినవాళ్లే గ్లవ్స్ వేసుకుని ఉతకాలి. ఇంట్లోకి రాకముందే స్నానం చేయాలి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లు మందు కలపడానికి, నీళ్లు అందించడానికి వెళ్లొద్దు, కొట్టిన చేలో మళ్లీ దిగడానికి ఎన్నాళ్లు ఆగాలని డబ్బా మీద రాసి ఉందో ఆ గడువు దాటేదాకా కలుపుకీ, కాయ కోతకీ దిగొద్దు. కూలి పోతుందనే టెన్షన్ ఉంటుంది, తెలుసు, ఆ నాలుగు రోజులు వేరే చేలో పని చూసుకోండి. ఖాళీ డబ్బాలు కడిగి ఇంట్లో వాడటం అసలే వద్దు.

షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.5 శాతం లోపుకి తెచ్చుకున్నాకే ప్రయత్నించండి, గర్భం నిలిచే సమయంలో షుగర్ ఎక్కువుంటే బిడ్డ గుండెలో లోపాలొచ్చే ప్రమాదం పెరుగుతుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే ఆపి కనీసం నెల గడవాలి. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపొద్దు, ముందే డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పించుకోవాలి. రుబెల్లా టీకా వేయించుకుంటే నెల ఆగాలి.

మేనరికం అయితే తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) పరీక్ష ఇద్దరూ చేయించుకోండి. ఇద్దరిలోనూ ఆ జబ్బు జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, అది గర్భానికి ముందే తెలిస్తే ఏం చేయాలో డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకునే టైమ్ ఉంటుంది.