లిస్టే ఇచ్చినా టైప్‌ఎర్రర్ వస్తోందా? పారామీటర్ పేరు చూడండి

పైథాన్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్‌లో) ఒక పారామీటర్‌కి ‘లిస్ట్’ అనే పేరే పెట్టి, లోపల ఇజ్‌ఇన్‌స్టాన్స్‌తో అది లిస్టా కాదా అని చూస్తే, సరైన లిస్ట్ పంపినా టైప్‌ఎర్రర్ వస్తుంది. రెండో ఆర్గ్యుమెంట్ టైప్ అయి ఉండాలంటుంది. తప్పు డేటాలో లేదు. పైథాన్ పేరును ముందు ఫంక్షన్‌లో వెతుకుతుంది, బిల్ట్‌ఇన్‌ల (పైథాన్‌తోనే వచ్చే పేర్ల) దాకా వెళ్లేది చివర్లోనే. కాబట్టి ఆ ఫంక్షన్‌లో ‘లిస్ట్’ అంటే మీరు పంపిన విలువే, టైప్ కాదు.

పారామీటర్ పేరును ‘మార్కులు’ లాంటి అర్థమున్న పేరుగా మార్చితే సరిపోయింది. వేరే పేరు తోచకపోతే పైథాన్ కోడ్ శైలి మార్గదర్శి పెప్ 8 చెప్పినట్టు చివర అండర్‌స్కోర్ పెట్టొచ్చు, కానీ చదవడానికి అంత బాగుండదు. పాత పేరుతో కీవర్డ్ ఆర్గ్యుమెంట్‌గా, అంటే పారామీటర్ పేరు రాసి విలువ ఇస్తూ, పిలిచే చోట్లన్నీ మార్చాలి, ఇది మర్చిపోతే మళ్లీ టైప్‌ఎర్రరే.

జూపిటర్ నోట్‌బుక్‌లో (కోడ్‌ను సెల్ అనే ముక్కలుగా నడిపే చోట) పై సెల్‌లో ఎక్కడో ‘లిస్ట్’కి విలువ ఇచ్చేసినా ఇదే గొడవ. ‘డెల్ లిస్ట్’ అని ఒకసారి రన్ చేస్తే బిల్ట్‌ఇన్ తిరిగొస్తుంది.

ఇలాంటి టైప్ చెక్‌లలో ఇంకో మెలిక: బూల్ (ట్రూ/ఫాల్స్ టైప్) అనేది ఇంట్‌కి (పూర్ణాంకాల టైప్‌కి) సబ్‌క్లాస్, అంటే దానిలో ఒక రకం. వయసు దగ్గర ట్రూ పంపినా ఇంట్ చెక్ దాటిపోతుంది, బూల్‌ని ముందే ఆపాలి. చెక్‌కి అసర్ట్ స్టేట్‌మెంట్ వాడొద్దు, పైథాన్‌ని మైనస్ పెద్ద ఓ (-O) ఆప్షన్‌తో నడిపితే ఆ చెక్ మాయమవుతుంది.